తిరిగొచ్చిన పోడలు

బుట్ట తిరిగొచ్చింది.

గుడి మనిషి ఆ పోడ మిఠాయిల బుట్టని బెహెరాల అరుగు మీద దించి, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతులు తుడుచుకున్నాడు. మామూలుగా అయితే లోపలికొచ్చి మంచినీళ్ళు తాగి వెళ్తాడు. ఇవాళ మెట్టు కూడా ఎక్కలేదు.

"పూజారి పండాగారు పంపించెయ్యమన్నారు," అన్నాడు. "ఇవి జగన్నాథుడి ముందుకి వెళ్ళవట."

దైతారి బెహెరా కొత్త పంచె కట్టుకుని, నోట్లో పాన్‌తో అప్పుడే బయటికొచ్చాడు. రజ పండగ మొదటి పొద్దు. ఎదుటింటి పనసచెట్టుకి కట్టిన ఉయ్యాల మీద ఇద్దరు ఆడపిల్లలు నిలబడి ఊగుతున్నారు. క్లబ్బు అరుగు మీద పేకాట మొదలైంది.

"ఎందుకు వెళ్ళవు? మాడాయా?"

"మాడితే ఆ మాటే చెప్పేవాణ్ణి."

"మరి?"

"మీ ఇంట్లో ఆడవాళ్ళని అడగండి బెహెరాగారూ. నేను చెప్పే మాట కాదు."

"బుట్ట ఇంతదూరం మోసుకొచ్చావు. మాట మొయ్యలేవా? చెప్పు."

గుడి మనిషి ఉయ్యాల వైపు చూశాడు. పేకాట వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. అదే క్షణాన క్లబ్బు మైకులో పాట అయిపోయింది. ఆయన తగ్గించిన గొంతు వీధి చివరిదాకా వినపడింది.

"మీ కోడలు నిన్న బయట చేరి ఉండి పొయ్యి దగ్గర కూర్చుందట. ఆ చేత్తో కాల్చిన పోడలు దేవుడికి పంపిందట. ఇది పండాగారి మాట, నాది కాదు."

ఉయ్యాల ఆగింది. రజ మూడు రోజులూ ఆడవాళ్ళు నేల మీద వట్టికాలు మోపరు. ఆ పిల్లల చెప్పులు చెట్టు మొదట్లో ఉన్నాయి. దిగడానికి లేదు, ఊగడానికి మనసు లేదు. గాలిలో అలాగే నిలబడి ఈ ఇంటివైపు చూస్తున్నారు.

దైతారి నోట్లో పాన్ ఉమ్మేశాడు. తర్వాత, "పండాగారు ఇంకేమన్నారు?" అన్నాడు.

"సాయంత్రం తనే వస్తానన్నారు. నాలుగో రోజు, భూదేవికి చేసే వసుమతి స్నానం నాడు, మీ కోడలు తడిబట్టలతో గుడి గడప ముందు నిలబడి, దాచిపెట్టాను, తప్పయింది అనాలట. ఆ గోతి పొయ్యి పూడ్చెయ్యాలట. కొత్తది తవ్వుకోవచ్చు. ఆవిడ మటుకు మళ్ళీ పొయ్యి దగ్గరికి రాకూడదట."

"కాదంటే?"

"ఒప్పుకోకపోతే రజకి గుడికి పోడలు పంపే సేవ పక్క ఊరి వాళ్ళకి వెళ్తుందన్నారు. వస్తా బెహెరాగారూ. మంచి పండగ పూట నా నోట ఈ మాట వచ్చింది, ఏమనుకోకండి."

మినతి తలుపు చాటున ఉంది. చేతిలో తమలపాకుల పళ్ళెం. మామగారికి రెండో పాన్ తెస్తూ అక్కడే ఆగిపోయింది.

దైతారి లోపలికి వచ్చి గడియ పెట్టాడు. పండగ పూట ఆ తలుపు ఎప్పుడూ వెయ్యరు.

"కోడలా," అన్నాడు. ఆయన ఆమెని పేరు పెట్టి పిలవడు. "నిజమేనా?"

మినతి అత్తగారి వైపు చూసింది.

హారమణి ఎత్తుపీట మీద కూర్చుని ఉంది. మోకాళ్ళు పట్టేసినప్పటినుంచి ఆవిడ నేల మీద కూర్చోవడం మానేసింది. పూజకి కూడా ఆ పీటే. పాదాలకి నిన్న పెట్టించుకున్న పారాణి ఇంకా ఎర్రగా ఉంది. ఆవిడ ఆ పారాణినే చూసుకుంటోంది.

నిన్న సాజబాజ. పండగ ముందు రోజు. రజలో ఆడవాళ్ళు వండరు, తరగరు, రుబ్బరు. కాల్చేది ఏదన్నా ఉంటే ఆ ఒక్కరోజులోనే కాల్చి, గోతి పొయ్యి మూతి మీద చెక్క వేసి, పేడతో అలికేస్తారు. భూమి ముట్టుతో ఉండే మూడు రోజులూ నేలలో నిప్పు పెట్టరు. నిన్న తెల్లవారుజామున మినతి అత్తగారి మంచం దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, నాకు వచ్చింది."

"రాలేదు," అంది హారమణి.

"వచ్చిందత్తయ్యా. ఇప్పుడే…"

"రాలేదన్నానా? రేపు సాయంత్రం వస్తుంది. ఛెనా పిండేశాం. పంచదార కలిపేశాం. మీ మామయ్య చేతులు చూశావుగా, గిన్నె పట్టుకుంటే మూత గలగలమంటుంది. ఎవరు కూర్చుంటారు నిప్పుల దగ్గర? ఈ మోకాళ్ళతో నేనా? వెళ్ళు, స్నానం చేసి పొయ్యి రాజెయ్యి."

మినతి స్నానం చేసి పొయ్యి రాజేసింది. సాల ఆకులు పరిచి, విరిగిన పాల ముద్దని మూడు గిన్నెల్లో సర్ది, పైనా కిందా నిప్పులు పెట్టి కూర్చుంది. ఇది మొదటిసారి కాదు. కాపురానికి వచ్చిన రెండో ఏటినుంచీ ఆమెకి నెల ఎప్పుడు రావాలో అత్తగారే చెబుతోంది. పెళ్ళి ఆర్డరు ఉంటే రాదు. గుడికి భోగం ఉంటే రాదు. పనిలేని వారంలో వస్తే మటుకు నాలుగు రోజులూ వెనక గది, చాప, వేరే కంచం, వేరే గ్లాసు. పొయ్యి పాక మీద నీడ పడకూడదు. ఆ నాలుగు రోజులూ దుకాణంలో పోడ ఉండదు. పాలు సరిగ్గా విరగలేదని చెబుతారు.

"నిన్నే అడుగుతున్నా," అన్నాడు దైతారి. ఈసారి భార్యవైపు తిరిగాడు. "నీకు తెలుసా?"

"నన్నడుగుతారేం?" అంది హారమణి. తల ఎత్తలేదు. "ఇంత ఆడదాన్ని నెలనెలా పిలిచి అడుగుతామా? ఉంటే చెప్పాలి. చెప్పకపోతే నాకేం కలొస్తుందా?"

మినతి చేతిలో పళ్ళెం కింద పెట్టింది. ఒక ఆకు జారి నేల మీద పడింది. తియ్యలేదు.

"చెప్పలేదా అత్తయ్యా?"

హారమణి కూతురిని పిలిచింది. "టికీ, అరుగు మీద బుట్ట మీద గుడ్డ సరిగ్గా కప్పు. ఈగలు మూగుతాయి."

"నేను చెప్పలేదా అత్తయ్యా?"

టికి గుడ్డ కోసం లేచింది. దైతారి గోడ వైపు చూశాడు. ఆయన ఒక ప్రశ్న అడిగాడు. దాని వెనకే రావలసిన రెండోది అడగలేదు. ఏం చెప్పావు, ఎప్పుడు చెప్పావు, ఎవరితో చెప్పావు? ఏదీ అడగలేదు. అది మినతి చూసింది.

"సాయంత్రం పండాగారు వస్తారు," అన్నాడు ఆయన గోడతో. "ఒప్పుకుంటుంది. అంతటితో సరి."

*

మినతి మొగుడు కృత్తిబాస్ గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. దుకాణానికి తొడుక్కునే చొక్కా కాక పండగ చొక్కా వేసుకున్నాడు. దాని మడత ఇంకా విప్పుకోలేదు.

"ఒక్క మాట," అన్నాడు. "తప్పయిందను. రెండు చెంబులు నీళ్ళు పోసుకో. ఊరు రెండు రోజులు మాట్లాడుకుని ఊరుకుంటుంది."

"ఎవరి తప్పయిందనాలి?"

"అదిగో, అలా మాట్లాడితేనే వస్తుంది గొడవ."

"నీకు తెలియదా?"

"నాకేం తెలుసు? ఆడవాళ్ళ సంగతులు నాకెవరు చెబుతారు?"

మినతి గోడవారన చుట్టి పెట్టిన చాప చూపించింది.

"నిన్న రాత్రి నేనెక్కడ పడుకున్నాను?"

అతను చాప వైపు చూడకుండా చొక్కా గుండీ సర్దుకున్నాడు.

"మంచం మీదా, చాప మీదా? చెప్పు. నెలలో ఏ రాత్రి ఈ చాప పరుస్తానో నీకు తెలియదా? ఈ చాప మీంచి లేచి వెళ్ళి కాల్చిన పోడలే కదా నువ్వు సైకిల్‌కి కట్టుకుని పెళ్ళిళ్ళకి మోసింది? ఒక్కసారైనా దింపావా? ఇది వద్దు, దీన్ని ముట్టుకోకూడదు అన్నావా?"

"మా అమ్మని ఇప్పుడు నలుగురిలో నిలబెట్టమంటావా? ఈ వయసులో?"

"నన్ను నిలబెట్టడానికి నా వయసు సరిపోయిందా?"

"అది కాదు మినతీ…"

"మరేది?"

కృత్తిబాస్ చొక్కా మడత చేత్తో రాసుకుంటూ నిలబడ్డాడు. అది పోలేదు.

"పొయ్యి పోతే పోనీ," అన్నాడు చివరికి. "ఆ సెగ దగ్గర కూర్చునే బాధ తప్పుతుంది నీకు. దుకాణంలో కూర్చో. బిస్కెట్లు అమ్ముకో. ఎవరన్నా కాదన్నారా?"

మినతి అతన్ని చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో తనదని ఒక్క చోటు ఉంటే అది ఆ గొయ్యి పక్కన, గోడకి ఆనుకునే చోటు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పెట్టె కూడా ఇప్పుడు టికి వాడుకుంటోంది. దసపల్లా నుంచి బస్సు దిగినవాళ్ళు బెహెరాల పోడ అని అడుగుతారు. ఆమె పేరు అడగరు. ఆమెకి అది పట్టలేదు. మూత తీసినప్పుడు వచ్చే వాసనతో పని అయిందో లేదో తెలిసేది. ఆ క్షణంలో మామగారు కూడా ఆమె ఏం చెబుతుందా అని ఎదురుచూసేవాడు.

"సెగ గురించి నీకెవరు చెప్పారు?" అంది. "నువ్వెప్పుడూ ఆ పాకలోకి రాలేదుగా."

*

పొయ్యి పాకలో నిన్నటి పేడ అలుకు ఎండి బీటలు తీసింది. మినతి దాని పక్కన చెప్పులతోనే గొంతుకూర్చుంది. హారమణి గోడ పట్టుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"తిన్నావా?"

"లేదు."

"పండగ పూట పస్తుండకూడదు."

"పండగ ఎవరిదత్తయ్యా?"

హారమణి ఎండిన అలుకు వైపు చూసింది. "మా అత్త కూడా నాతో ఇలాగే అనేది," అంది. "రాలేదు అనేది. నేను తల ఊపి వచ్చి ఇక్కడే కూర్చునేదాన్ని. ఒక్కనాడు ఎదురు అడిగానా?"

"అడగాల్సింది."

"అడిగితే ఏమయ్యేది?"

"ఇవాళ నేను అడగాల్సిన పని ఉండేది కాదు."

హారమణి ఒక చెయ్యి తీసి రెండో చెయ్యి గోడకి పెట్టింది. "చూడవే. కోడలి తప్పయితే స్నానంతో పోతుంది. అత్త తప్పయితే ఇంటి తప్పవుతుంది. తాతల నాటి సేవ ఇది. మీ మామయ్య ఆ సేవ పేరు చెప్పుకునే బతుకుతున్నాడు. అది పోతే మనిషి మంచం పడతాడు."

"స్నానంతో పోయేదైతే నిన్న చేసిన స్నానం చాలలేదా?"

"నీకు నోరు ఎక్కువైంది."

"నిన్నటిదాకా లేదుగా. మీరే చూశారు."

"నేనేమన్నా నా కడుపు నింపుకోవడానికి చెయ్యమన్నానా? దేవుడికే కదా!"

"దేవుడికే కదా అత్తయ్యా. మరి దేవుడి ముందు చెప్పడానికి మీరెందుకు భయపడుతున్నారు?"

హారమణి గోడ పట్టుకుని వెనక్కి తిరిగింది. నాలుగడుగులు వేసి, తిరిగి చూడకుండానే, "అన్నం మూత పెట్టి ఉంది," అంది.

*

మధ్యాహ్నం పెరటి తలుపు దగ్గర కేతకి వచ్చి కూలబడింది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ పారాణి పెట్టేది, గోళ్ళు తీసేది కేతకే. కళ్ళు వాచి ఉన్నాయి.

"అమ్మా, నా నాలుక కొయ్యి," అంది. "కత్తి నా సంచిలోనే ఉంది."

"రజలో ఏదీ కొయ్యకూడదు," అంది మినతి. "చెప్పు."

"నేను నిన్ను పొగిడాను తల్లీ! నా పిల్లల మీద ఒట్టు. పొగిడాను!"

నిన్న పొద్దెక్కాక కేతకి పారాణి గిన్నెతో వచ్చినప్పుడు మినతి కాళ్ళు వెనక్కి తీసుకుంది. నన్ను తాకకు కేతకీ, మళ్ళీ స్నానం చెయ్యాల్సి వస్తుంది నీకు, ఇంకా పది ఇళ్ళు తిరగాల్సినదానివి, అంది. నెల రాలేదని అత్తగారు చెప్పింది పొయ్యి కోసం. కేతకి కోసం అబద్ధం చెప్పాలని మినతికి తోచలేదు. పాపం, నన్ను అంటుకుని అది పది ఇళ్ళు మైలపరచడం ఎందుకు అనుకుంది.

"సాయంత్రం పండాగారింటికి వెళ్ళాను," అంది కేతకి. "పండాగారి భార్య కాళ్ళు చాపుకుని కూర్చుంది. నేను పారాణి పెడుతున్నాను. ఆవిడ తింటూ నాకూ ఆకులో ముక్క పెట్టింది. బెహెరాల పోడకి సాటి లేదే కేతకీ, అంది. నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. అవునమ్మగారూ, ఆ చెయ్యి అలాంటిది, ఆ అమ్మాయి ఆచారం అలాంటిది, బయట ఉన్నానని ఇవాళ నన్ను గోరు కూడా తాకనివ్వలేదు, ఇంత నిష్ఠ ఉన్న కోడలు ఈ ఊళ్ళో ఉందా అన్నాను. ఆవిడ నమలడం ఆపేసింది."

మినతి ముందుకి వంగింది. "ఏం నములుతోంది?"

"ప్రసాదం."

"ఏ ప్రసాదం?"

"పోడ ప్రసాదం అమ్మా. సుభద్రమ్మది. సాజబాజ సాయంత్రం ఆడబిడ్డకి ముందు పెడతారు కదా, మర్నాడు పొద్దున అన్నలకి. మర్చిపోయావా?"

మినతి మర్చిపోలేదు. పొద్దుటి నుంచి దాని గురించి ఆలోచించే తీరిక ఎవరూ ఇవ్వలేదు.

"ఆపేసి ఏం చేసింది? ఉమ్మేసిందా?"

"ఉమ్మడమా? ప్రసాదం ఎలా ఉమ్ముతారు? మింగలేక కక్కలేక బుగ్గన పెట్టుకుని కూర్చుంది. నా చేతిలో ఆవిడ కాలు కట్టెలా అయిపోయింది. ఏమైందమ్మగారూ అంటే మాట్లాడదే! నోరు ఖాళీ లేదుగా."

"తర్వాత?"

"తర్వాత మింగింది. పెద్ద ముక్క. మింగి, నీళ్ళు తాగి, పండాగారిని పిలిచింది."

మినతికి నవ్వు వచ్చింది. నవ్వులా మొదలై మధ్యలో ఇంకేదో అయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నేను చెప్పానని అనకమ్మా," అంది కేతకి. "ఆ ఇంట్లో నన్ను కాలు పెట్టనివ్వరు."

"అనను. నీ పేరు రాదు. అన్నం తిని వెళ్ళు."

కేతకి తింటుండగా మినతి అరుగు మీదికి వెళ్ళింది. బుట్ట గుడి మనిషి దించిన చోటే ఉంది. గుడ్డ చుట్టూ చీమలు వరస కట్టాయి. పొద్దున టికి గుడ్డ కప్పాక ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మినతి ఆ గుడ్డ ఒక అంచు ఎత్తి చూసింది.

సాల ఆకులు మాడి అంటుకున్న పోడలు. రెండు.

*

ఎండ చల్లబడ్డాక ఉద్ధబ పండా ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అరుగు ఎక్కలేదు. వాకిట్లో కుర్చీలు వేశారు. దైతారి ఆయన పక్కన కూర్చున్నాడు. క్లబ్బులో పేకముక్కలు బోర్లించారు. ఉయ్యాల దగ్గర ఆడపిల్లలు పొద్దుటి కంటే ఎక్కువమంది ఉన్నారు.

"దైతారీ, నాకు నీ మీద కోపం లేదు," అన్నాడు పండా. "మీ తాత చేతి పోడ మా తాత నివేదన చేశాడు. ఆ గౌరవం కొద్దీ గుమ్మంలోకి వచ్చాను. ఇంకొకరైతే కబురుతో పోయేది."

"మీ దయ," అన్నాడు దైతారి.

"కోడలు ఒప్పుకున్నట్టేనా?"

"ఒప్పుకుంటుంది," అన్నాడు కృత్తిబాస్. అతను మెట్టు పక్కన నిలబడి ఉన్నాడు.

మినతి చెప్పులు తొడుక్కుని అరుగు మీదికి వచ్చింది. తల మీద కొంగు సర్దుకుంది.

"పండాగారూ, ఒక మాట అడగొచ్చా?"

"అడిగించుకోవడానికి రాలేదమ్మా నేను."

"మీ బుట్ట గురించే. నేను మూడు పోడలు పంపాను. దీంట్లో రెండున్నాయి."

పండా పై పంచె సర్దుకున్నాడు. పెద్దమనుషుల్లో ఒకాయన బుట్ట వైపు చూశాడు.

"మూడోది ఎవరు తిన్నారు?"

"అది నిన్న సాయంత్రం, సంగతి తెలియక ముందు…"

"సుభద్రమ్మకి పెట్టారు."

"తెలియక జరిగింది."

"ఎవరికి తెలియక? అమ్మవారికా?"

క్లబ్బు అరుగు మీద ఎవరో నవ్వి, దాన్ని దగ్గుగా మార్చారు.

"పెట్టాక ప్రసాదం పంచారు. తిన్నవాళ్ళు తిన్నారు. పొద్దుటికి నా చెయ్యి మైల చెయ్యి అయింది. తిన్నవాళ్ళలో ఎవర్ని తడిబట్టలతో నిలబెడుతున్నారండీ?"

"నోరు జారకు," అన్నాడు పండా. కుర్చీలో ముందుకి జరిగాడు. "ఆడపిల్లవని ఊరుకుంటున్నాను. దేవుడి ముందు పెట్టేదానికి శుచి ఉండాలా వద్దా?"

"ఉండాలి. మరి ఇవాళ ఏ పండగండీ? ఎవరు బయట చేరారని ఈ ఊళ్ళో ఒక్క నాగలీ కట్టలేదు? ఆ తల్లికి ఉయ్యాలలు కట్టారు, పాన్ పంచారు, పాటలు పెట్టారు. నాలుగో రోజు స్నానం. నాకూ నాలుగో రోజు స్నానమే అన్నారు. ఆవిడకి పసుపు రాసి. నాకు తప్పయిందని చెప్పించి."

"భూదేవితో పోల్చుకుంటోంది!" అన్నాడు రెండో పెద్దమనిషి.

"పోలిక నేను పెట్టలేదు బాబాయిగారూ. మీరు పొలానికి వెళ్ళకుండా ఇవాళ పొద్దుటి నుంచి పేకాడింది ఆ పోలిక మీదే."

ఈసారి నవ్విన వాళ్ళు దగ్గలేదు.

"కోడలా!" దైతారి లేచాడు. "లోపలికి పో."

"వెళ్తాను మామయ్యా. మిమ్మల్ని ఒక్కటి అడిగి వెళ్తాను. నేనొచ్చాక ఇన్నేళ్ళలో గుడికి భోగం పంపే రోజున ఒక్కసారి కూడా బయట చేరలేదు. పెళ్ళి ఆర్డరు ఉన్న రోజున చేరలేదు. పని లేనప్పుడే చేరాను. ఎప్పుడూ మీకు వింతగా అనిపించలేదా?"

దైతారి నిలబడే ఉన్నాడు. మెల్లగా మళ్ళీ కూర్చున్నాడు.

మైకు ఎవరో ఆపేశారు.

"అంటే," అన్నాడు పండా, ఒక్కో మాటా విడదీసి, "ఇది మొదటిసారి కాదా?"

మినతి తల మీద కొంగు మళ్ళీ సర్దుకుంది.

"ఇన్నేళ్ళ భోగం… నీ అంతట నువ్వే చేశావా? ఎవరన్నా చెయ్యమన్నారా? గుడి వైపు తిరిగి చెప్పు."

"మినతీ," అన్నాడు కృత్తిబాస్.

మినతి గుడి వైపు తిరిగింది. పేరు నాలుక చివర ఉంది. పొద్దుటి నుంచి అక్కడే ఉంది. చెబితే ఆ ముసలావిడ ఈ వాకిట్లో తల ఎత్తదు. చెప్పకపోతే ఎండిన పేడ కింద ఉన్న గొయ్యి తనది కాదు, తన మాటా తనది కాదు.

వెనక గోడ మీద చెయ్యి రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

హారమణి గడప దాటింది. గోడ వదిలేసింది. బుట్ట దగ్గర ఆగి, నడుం పట్టుకుని వంగి, గుడ్డ తీసి పక్కన పడేసింది. ఒక పోడని చేత్తో విరిచింది. పైన మాడిన పొర టప్పున విరిగి, లోపలి తెల్లదనం కనిపించింది. చీమలు ఆవిడ చేతి మీదికి ఎక్కాయి. దులుపుకోలేదు.

తర్వాత మెట్టు దిగింది.

"అత్తా, చెప్పులు!" అని ఉయ్యాల దగ్గర ఒక పిల్ల అరిచింది.

హారమణి వినలేదు. పారాణి పాదాలు మట్టి మీద మోపి, ఒక్కో అడుగు కూడదీసుకుంటూ కుర్చీల మధ్యకి నడిచింది. పండా కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. ఆవిడ ఆయన ముందు నిలబడి, ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, మింగింది. తొందరపడలేదు.

మిగిలిన ముక్క భర్త ముందుకి చాపింది.

"తినండి," అంది. "ఇన్నేళ్ళుగా తింటున్నారు. ఇవాళ కొత్తా?"

దైతారి ముక్క వైపు చూశాడు. పండా వైపు చూడలేదు. ఆయన కుడిచెయ్యి మోకాలి మీద ఉంది. ఆ చెయ్యి ఎప్పుడూ వణుకుతూనే ఉంటుంది కాబట్టి, అది లేస్తోందో లేదో అరుగు మీంచి మినతికి తెలియలేదు.